లిబ్రేఆఫీస్: కొత్త వెర్షన్ ఎప్పుడు వేసుకోవాలి, పాతది ఎప్పటిదాకా ఉంచాలి

బెంగళూరు మారతహళ్ళిలో ఇంటి నుంచే తెలుగు అనువాదాలు చేస్తూ, చిన్న దుకాణాల లెక్కలు చూస్తుంటాను. ఏళ్లుగా నా పనంతా ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ వ్యవస్థ) లోని లిబ్రేఆఫీస్ మీదే, అంటే పత్రాలు, లెక్కల షీట్లు చేసుకునే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ మీదే. కొత్త వెర్షన్ రాగానే "వేసుకున్నారా అండీ?" అని మా అపార్ట్‌మెంటులోని తెలుగు కుర్రాళ్లు అడుగుతారు. ఇంకా లేదనే నా జవాబు, దాదాపు ప్రతిసారీ.

పెద్ద విడుదలలు ఏడాదికి రెండు: ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. వెర్షన్ 7.6 తరువాత అంకెల పద్ధతి మారి 24.2 వచ్చింది, అంటే 2024 రెండో నెల. నేను చూసేది మూడో అంకె. 24.8.0 అంటే అప్పుడే బయటికొచ్చిన సరుకు. తప్పుల సవరణలు .1, .2 అంటూ తరువాతి నెలల్లో వస్తాయి. .4 వచ్చేదాకా నేను కదలను. అలాగని మరీ తాత్సారం చేసినా కుదరదు, ఒక్కో వెర్షన్‌కు సవరణలు అందేది సుమారు తొమ్మిది నెలలే. ఉబుంటు 24.04తో పాటు వచ్చిన 24.2 సంగతి వేరు. భద్రతా సవరణలను ఉబుంటు వాళ్లే ఆ పాతదానిలో కలిపి పంపుతారు. రోజువారీ పనికి నాకు అదే చాలు.

అది చాలని సందర్భం ఒకటి వచ్చింది. ఒక దుకాణం వారి ఆడిటర్ పంపిన షీటు నిండా ఎక్స్‌లుకప్ (XLOOKUP, పట్టికలో ఒక విలువను వెతికి దానికి జతైనదాన్ని తెచ్చేది) సూత్రాలే. లిబ్రేఆఫీస్‌లో ఆ ఫంక్షన్ 24.8తోనే వచ్చింది. పాతదానిలో అంకె మార్చగానే గడిలో తప్పు సందేశం కనిపించేది. అప్పుడు ఫ్లాట్‌పాక్ (లినక్స్‌లో యాప్‌లను విడిగా వేసుకునే పద్ధతి) ద్వారా కొత్తదాన్ని పాతదాని పక్కనే వేసుకున్నాను. దాని సెట్టింగుల ఫోల్డరు వేరుగా ఉంటుంది కనుక పాతదాని జోలికి రాదు. కాకపోతే నేను పోగుచేసుకున్న పదాల పట్టిక, ఆటోకరెక్ట్ జాబితా అందులోకి వాటంతట అవి రావు, మనమే తెచ్చుకోవాలి. లిబ్రేఆఫీస్ సైటు నుంచి దించుకునే డెబ్ ఫైళ్లు (ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసుకునేవి), యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒకే ఫైలు) మాత్రం మామూలుగా పాత సెట్టింగుల ఫోల్డరునే వాడతాయి. ఆ ఫోల్డరుకు నకలు తీయకుండా వాటిని తెరవకండి.

ఇక అసలు విషయం. వెర్షన్ మీద పడే నిందల్లో సగం ఫాంట్లకు చెందాలి. ఒక అనువాద సంస్థ వారు "పేజీలు పెరిగాయి, మీ సాఫ్ట్‌వేర్ పాతది" అని ఫైలు తిప్పి పంపారు. అదే ఫైలును పాతదానిలో, కొత్తదానిలో తెరిచి చూశాను. రెండింటిలోనూ పేజీలు అన్నే. వాళ్లు వాడింది గౌతమి ఫాంటు, అది విండోస్‌తో వచ్చేది. నా దగ్గర లేదు కనుక దాని బదులు లోహిత్ అనే మరో తెలుగు ఫాంటు వచ్చి కూర్చుంది. ఇంగ్లిషు ఫాంట్లలో కాలిబ్రికి బదులు కార్లిటో, కేంబ్రియాకు బదులు కలాడియా వచ్చినా అక్షరాల వెడల్పులో సరిగ్గా సరిపోతాయి కాబట్టి ఇంగ్లిషు పాఠం చెక్కుచెదరదు. తెలుగుకు ఆ భాగ్యం లేదు. వత్తులు కింద వేలాడే లిపి మనది, ఫాంటు మారితే వరుస ఎత్తు మారుతుంది, ముప్పై వరుసల పేజీ ఇరవై ఆరు దగ్గరే ఆగిపోతుంది. చివరికి ఇద్దరమూ ఉచితంగా దొరికే మండలి ఫాంటుకు మారాం, గొడవ సద్దుమణిగింది. ఫైలు ప్రాపర్టీస్‌లో ఫాంటును పత్రంలోనే పొదిగే వీలు కూడా ఉంది.

మరో చిన్న పని: సెట్టింగులలో సంక్లిష్ట లిపుల భాషగా తెలుగును ఎంచుకుని, పేరా శైలిలో తెలుగు ఫాంటును, దాని సైజును విడిగా ఇవ్వండి. ఇంగ్లిషు పన్నెండులో, తెలుగు పదిలో కనిపించే బాధ దానితో తీరుతుంది. ఏ అప్‌డేట్ కన్నా నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే.

అప్‌డేట్‌కు తేదీ కూడా చూసుకుంటాను. జీఎస్టీ నెలవారీ రిటర్నులకు మామూలు గడువులు 11, 20 తేదీలు. అవి రెండూ దాటాకే, చేతిలో అనువాదం ఏదీ లేని రోజు చూసి బటన్ నొక్కుతాను.