కేవై జెల్లీ: ఏ మంటకు పనికొస్తుంది, ఏ నొప్పికి పనికిరాదు

కలయికలో తడి చాలనప్పుడు జారుడు కోసం రాసుకునే ఈ జెల్లీని 1904లో డాక్టర్లు లోపలి పరీక్షలకు వాడుకోవడానికి తెచ్చారు. నీటితో చేసినది కాబట్టి కండోముకు హాని లేదు, కడిగితే పోతుంది. కొబ్బరి నూనె, వ్యాజిలిన్ అలా కాదు, అవి రబ్బరును పాడుచేస్తాయి.

కలయిక తర్వాత యోని ద్వారం దగ్గర గీసుకుపోయినట్టు మండి, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంటే చాలావరకు అది తడి చాలక వచ్చిన ఒరుపిడే. పాలిచ్చే తల్లులకూ, ముట్లు ఆగినవాళ్లకూ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడం వల్ల ఇది మామూలు. ఇక్కడ జెల్లీ నిజంగా ఆదుకుంటుంది. అయితే చాలామంది బఠాణీ గింజంతే తీసుకుంటారు, అది చాలదు. ఒక టీస్పూను తీసుకుని ద్వారం చుట్టూ, కండోము పైనా రాయాలి. మధ్యలో ఆరి జిగురుగా మారితే నాలుగు చుక్కల నీళ్లతో మళ్లీ జారుతుంది.

దీని లోపం గ్లిజరిన్. అది యోని లోపలి పొరలోని నీటిని లాగేస్తుంది, అందుకే కొందరికి రాసిన వెంటనే మండుతుంది. అలాంటప్పుడు కడిగేసి, గ్లిజరిన్ లేని నీటి జెల్లీకి మారాలి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు దీన్ని వాడకపోవడమే మంచిది, వీర్యకణాల కదలిక తగ్గుతుంది.

మూడు నాలుగు సార్లు సరిగ్గా వాడినా నొప్పి ఉందంటే కారణం వేరే. పొత్తికడుపు లోతున నొప్పి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరగడం) కావచ్చు, అండాశయంలో తిత్తి కావచ్చు. మూత్రానికి మాటిమాటికీ వెళ్లాల్సి వచ్చి, మంటగా ఉంటే యూరిన్ టెస్టు చేయించాలి. విరిగిన పాలలాంటి తెల్లబట్ట, దురద ఉంటే ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. చేపవాసన వస్తే బాక్టీరియా కావచ్చు. రెండింటికీ మందు వేరు, షాపులో అడిగి ఏదో ఒక మాత్ర వేసుకోవద్దు, దయచేసి.

కలిశాక రక్తం కనిపిస్తే, ముఖ్యంగా ముట్లు ఆగినవాళ్లు, గైనకాలజిస్టుతో గర్భసంచి ముఖద్వారం చూపించుకోవాలి. ఉన్నట్టుండి తట్టుకోలేని కడుపునొప్పి, జ్వరం, కళ్లు తిరగడం, గంటకో ప్యాడ్ తడిసే రక్తస్రావం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ముట్టు తప్పి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి, గర్భం గర్భసంచిలో కాక అండనాళంలో నిలిచి ఉండవచ్చు.

నొప్పి ద్వారం దగ్గరా లోపలా, ఎంతసేపు ఉంటోంది, చివరి ముట్టు ఎప్పుడు, ఇవి చీటీ మీద రాసుకెళ్తే నోరు పెగలకపోయినా చీటీ చాలు. పాప్ పరీక్ష (గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసేది) ఉంటే రెండు రోజుల ముందు నుంచి ఈ జెల్లీ వాడొద్దు, నమూనా సరిగా రాదు.