మౌంట్ మోర్గాన్ గని కథతో వచ్చిన ఖనిజ నమూనాల పెట్టె: ఒక సమీక్ష

గుంటూరు అరండల్‌పేటలో బడులకు ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక చిన్న దుకాణంలో ఈమధ్య ఖనిజ నమూనాల పెట్టెలు దొరుకుతున్నాయి. వాటిలో ఒకటి, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మూతబడిన మౌంట్ మోర్గాన్ బంగారు, రాగి గని చరిత్రను చెప్పడానికే తయారైంది. నాలుగు రాళ్లు, ఒక గరుకు పింగాణీ పలక, భూతద్దం, ఒక చిన్న తెలుగు పుస్తకం కలిపి 1,200 రూపాయలు. రాళ్లు ఆ గనివి కావనీ, ఆ జాతి ఖనిజాలు మాత్రమేననీ మూతమీదే రాసి ఉంచడం నాకు నచ్చింది.

తొమ్మిదో తరగతి పిల్లల ముందు ఈ పెట్టె తెరిచినప్పుడు అందరి చేతులూ ముందుగా వెళ్లేది ఛాల్కోపైరైట్ ముక్క మీదికే. ఇత్తడి పసుపులో మెరుస్తూ, అక్కడక్కడ ఊదా, నీలి ఛాయలు కమ్మిన ఆ రాయిని చూసి బంగారమనుకోని పిల్లవాడు లేడు. దాన్ని పింగాణీ పలక మీద గీస్తే పచ్చదనం కలిసిన నల్లటి గీత పడుతుంది. అసలు బంగారమైతే పసుపు గీతే పడాలి. అది రాగి ముడిఖనిజమని పిల్లలు తమ చేతులతో తేల్చుకున్నాక, బంగారు గని రాగి గనిగా ఎందుకు మారిందన్న ప్రశ్న వాళ్లే అడుగుతారు.

పుస్తకంలోని మంచి భాగం ఆ ప్రశ్నకు జవాబే. కొండ పైభాగంలోని గంధకపు ఖనిజాలు గాలికీ వాననీటికీ లక్షల ఏళ్లపాటు చివికి, రాగి కరిగి కిందికి దిగిపోగా, కరగని బంగారం తుప్పురంగు ఇనుపరాతిలో మిగిలిపోయింది. 1882లో మోర్గాన్ సోదరులకు దొరికింది ఆ పైపొరే. తవ్వకం లోతుకు దిగేకొద్దీ రాగి పాలు పెరిగి, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లకు రాగి ఉత్పత్తి కూడా మొదలైంది. ఆ గనిలో వాటాదారైన న్యాయవాది విలియం నాక్స్ డార్సీ తన సంపదతో పర్షియాలో చమురు అన్వేషణకు 1901లో హక్కు పొందడం, 1908లో అక్కడ చమురు పడటం, మరుసటి ఏడాదే ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీ ఏర్పడటం వంటి సంగతులను పుస్తకం హాయిగా చదివిస్తుంది.

నా అభ్యంతరమంతా చివరి పేజీల మీదే. 1925లో గనిలో నిప్పంటుకోగా దాన్ని ఆర్పడానికి నీటితో ముంచెత్తారనీ, 1929లో కొత్త కంపెనీ వచ్చాక పైనుంచి తెరిచి తవ్వారనీ, 1981లో తవ్వకం ఆగిందనీ, మిగిలిన వ్యర్థాల నుంచి 1990 వరకు బంగారం తీశారనీ గబగబా చెప్పి ముగించారు. తవ్వి పోసిన గుట్టల్లోని పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం గాలి, నీరు తగిలి ఆమ్లాన్ని పుట్టించి, పక్కనున్న డీ నదిని పాడుచేసిన విషయానికి ఒక్క వాక్యమే దక్కింది. గని మూసినా దాని పని ఆగలేదని పిల్లలకు తెలియాల్సింది ఇక్కడే కదా! పైగా ఆ పైరైట్ ముక్క పెట్టెలోనే ఉంది. దాన్ని చూపిస్తూ ఈ సంగతి వివరంగా చెప్పి ఉండవలసింది.

మరో లోటు కూడా ఉంది. మన వినుకొండ వైపున్న అగ్నిగుండాల ప్రాంతంలో రాగి, సీసం నిక్షేపాలు ఉన్నాయి. బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని నడిపి, తర్వాత మూసేసింది. గుంటూరులో అమ్మే పెట్టెలో దానికి రెండు పేజీలైనా ఇచ్చి, సీసం ముడిఖనిజమైన గెలీనా ముక్క ఒకటి చేరిస్తే, పిల్లలకు ఈ చరిత్ర ఇంకా దగ్గరయ్యేది.

ఆకుపచ్చని రాగి ఖనిజమైన మాలకైట్ ముక్క దూదిలో సరిగా నిలవక అంచు విరిగి వచ్చింది. దుకాణదారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలున్న బడులకు ఈ పెట్టెను నిస్సందేహంగా సూచిస్తాను. అంతకన్నా చిన్న పిల్లలకైతే పక్కన ఉపాధ్యాయులు ఉండి చదివించాలి. కొనేవారు దుకాణంలోనే పెట్టె తెరిచి మాలకైట్‌ను చూసుకోవడం మంచిది.