రోజూ గ్యాస్ మాత్రా, ఒక్కసారి పరీక్షా?

అనంతపురంలో మా నాయన పదేళ్లు పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకున్నాడు. ఉగ్గాని బజ్జీ తిన్నా, సంగటి తిన్నా చెయ్యి చొక్కా జేబులోని స్ట్రిప్పు మీదికే పోయేది. కడుపులో పుండుకు చాలాసార్లు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. అది ఉందో లేదో చూసేదే ఈ పరీక్ష.

ఖర్చు: మాత్ర చవకే, కానీ ఆపితే చాలామందికి పుండు తిరగబెడుతుంది. పరీక్షకు ఒక్కసారే ఎక్కువ. క్రిమి ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల కోర్సు.

శ్రమ: మాత్ర తేలిక. కోర్సులో యాంటీబయాటిక్స్, నోరంతా చేదు. మధ్యలో మానేస్తే క్రిమి మొండికేస్తుంది.

పుండుకు క్రిమి కారణమన్న సంగతి మందుల కంపెనీలు తొక్కిపెట్టాయంటారు. నేను ఒప్పుకోను. ఈ క్రిమిని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్‌ల పరిశోధన 1984లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అమెరికా నిపుణులు యాంటీబయాటిక్స్ వాడమన్నది మాత్రం 1994లో. ఆ పదేళ్లు తలచుకుంటేనే నాకు బాధ.

ఎప్పుడో ఒకసారి మంటైతే మాత్ర చాలు. పుండు ఉందన్నా, మంట తగ్గి మళ్లీ వస్తున్నా పరీక్షే. మలం తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాల.