చవక మల్టీమీటరుతో పాత కారు పరీక్ష: చాలాకాలం వాడాక నా సమీక్ష

విజయవాడ గవర్నర్‌పేటలో కొన్న, వోల్టేజీ, కరెంటు కొలిచే మామూలు డిజిటల్ మల్టీమీటరు ఇది. మధ్యలో గుండ్రటి స్విచ్చు, కింద మూడు రంధ్రాలు, ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. కొన్ని వందల్లో దొరికేదే. ఇన్నేళ్లలో దీన్ని నేను ఎక్కువగా వాడింది ఒక్క పనికే: నెలల తరబడి కదలకుండా ఉండి, తాళం తిప్పితే పలకని పాత కార్ల మీద. ఆ పనికి ఇది ఎంతవరకు అక్కరకొస్తుందో, ఎక్కడ పక్కదారి పట్టిస్తుందో చెప్పాలనిపించి రాస్తున్నాను.

మా పటమటలో ఇలాంటి కార్లకు కొదవ లేదు. పిల్లలు అమెరికాలో ఉంటారు. పెద్దవాళ్లు ఆరు నెలలు అక్కడుండి వస్తారు. అన్నాళ్లూ కారు కవరు కప్పుకుని సెల్లార్లో ఉంటుంది. ఎక్కువగా మారుతి 800లు, జెన్‌లు, పాత శాంట్రోలు. పక్కనే ఆటోనగర్ ఉంది కాబట్టి మెకానిక్కులకు లోటు లేదు. చేయి తిరిగిన వాళ్లు అక్కడ ఎంతమందో ఉన్నారు, వాళ్లను చూసే నేను చాలా నేర్చుకున్నాను. కానీ ఇంటికొచ్చి చూసే కుర్రాళ్లలో చాలామంది కొలవకుండానే తీర్పు చెప్పేస్తారు. బ్యాటరీ మార్చండి, లేదంటే సెల్ఫ్ మోటారు (తాళం తిప్పగానే ఇంజనును తిప్పే స్టార్టర్) మార్చండి. వేలల్లో ఖర్చు. మార్చాక కూడా స్టార్ట్ కాకపోతే ఇంకో పార్టు. పింఛను మీద బతికే వాళ్ల చేత ఇలా ఖర్చు పెట్టించడం నాకు అస్సలు నచ్చదు.

ముందు బ్యాటరీ సంగతి. రాత్రంతా కదపకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కిందకు పోతే దాదాపు ఖాళీ. ఛార్జింగ్ తీసిన వెంటనే చూసే అంకెను మాత్రం నమ్మకూడదు, అది కాసేపు ఎక్కువే చూపిస్తుంది. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే లోపల ఒక సెల్లు పోయిందని అనుకోవచ్చు, ఎందుకంటే ఆరు సెల్లుల్లో ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. మన ఎండల్లో బ్యాటరీ వాడకపోయినా తనంతట తానే త్వరగా దిగిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపవుతుంది. మే నెల విజయవాడ సెల్లార్లో మూడు నెలలు ఉన్న బ్యాటరీకి, చలి ఊళ్లో అంతే కాలం ఉన్న బ్యాటరీకి పోలికే లేదు.

అయితే నిలకడగా ఉన్నప్పటి అంకె సగం కథే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంతకు పడుతోంది అన్నదే అసలు పరీక్ష. 9.6 కంటే కిందకు పడకూడదు. 12.6 చూపించిన ముసలి బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే ఏడుకు జారిపోతే దాని పని అయిపోయినట్టే. ఈ చవక మీటరు మొదటి లోపం సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. ఇది సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది. సెల్ఫ్ అందుకున్న ఆ మొదటి క్షణంలో పడే లోతు దీనికి చిక్కదు. నాలుగు సెకన్లు సెల్ఫ్ ఆగకుండా కొట్టిస్తేనే ఒక అంకె నిలబడుతుంది. అత్యల్పం, అత్యధికం పట్టి ఉంచే మిన్-మ్యాక్స్ బటన్ ఉన్న మీటరు కొనగలిగితే ఆ అదనపు డబ్బు వృథా కాదు.

ఇక ఈ మీటరు తన ధరకు పదింతలు తెచ్చిపెట్టిన సందర్భం చెప్పాలి. మా వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారుకు పాత మారుతి 800 ఉంది. ఆయన తిరిగొచ్చాక తాళం తిప్పితే బానెట్ కింద టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. కొత్త బ్యాటరీ వేయించారు. అదే టక్. చూసిన కుర్రాడు “సెల్ఫ్ మోటారు పోయింది మాస్టారూ, కొత్తది ఎక్కించాల్సిందే” అన్నాడు.

“మాస్టారూ, బండి న్యూట్రల్లో ఉందో లేదో చూసి, నేను చెప్పగానే తాళం తిప్పి పట్టుకోండి” అన్నాను. బ్యాటరీ మీద మీటరు పెట్టాను. ఆయన తాళం తిప్పితే 12.5 కాస్తా 12.3కి వచ్చి ఆగింది. సెల్ఫ్ మోటారు నిజంగా కరెంటు లాగుతుంటే బ్యాటరీ వోల్టేజీ ఇంకా బాగా పడాలి. చిన్న కారు సెల్ఫ్ కూడా వంద ఆంపియర్ల దగ్గర లాగుతుంది మరి. పడలేదంటే కరెంటు ఎక్కడో దారిలో ఆగిపోతోంది. మోటారులో లోపలే తెగినా ఇలాగే ఉంటుంది కాబట్టి, విప్పే ముందు దారి చూడాలి. మీటరు నల్ల మొనను బ్యాటరీ మైనస్ సీసపు పోస్టు నడినెత్తిన ఆనించాను, దాని చుట్టూ ఉండే క్లాంపు మీద కాదు. ఎర్ర మొనను ఇంజను లోహం మీద, తుప్పు గీకిన చోట పెట్టాను. మళ్లీ తాళం. మీటరు ఏడు వోల్టుల పైన చూపించింది. అక్కడ అర వోల్టు కనిపించినా ఎక్కువే. మోటారుకు చేరాల్సిన బలంలో సగానికి పైగా ఎర్త్ దారిలోనే, అంటే కరెంటు ఇంజను నుంచి బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారిలోనే, పోతోందన్నమాట.

కారు కిందకు దూరి చూస్తే గేర్‌బాక్సుకు బిగించిన ఎర్త్ పట్టీ బోల్టు చుట్టూ ఆకుపచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంది. విప్పి, వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి కాస్త గ్రీజు పూశాం. ఈసారి తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరిగింది. పాత సెల్ఫ్ మోటారే ఇప్పటికీ నడుస్తోంది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. అదే పట్టీని అంతకుముందు మీటరు ‘బీప్’ మీద పెట్టి చూస్తే చక్కగా కూసింది, అంటే వైరు తెగలేదు. కానీ బీప్ పరీక్షలో మీటరు పంపేది చీమంత కరెంటు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలున్నా, మధ్యలో తుప్పు పొర ఉన్నా అది కూస్తుంది. వంద ఆంపియర్లు పోవాల్సిన దారికి ఆ కూత సాక్ష్యం కాదు. లావు కేబుల్ ఏదైనా సరే, పని చేస్తుండగానే దాని రెండు కొసల మధ్య వోల్టేజీ కొలవాలి. ఈ ఒక్క అలవాటు వంటబడితే సగం మరమ్మతులు తప్పుతాయి. ఎర్త్ పాడైన కార్లలో కరెంటు దొంగదారిన యాక్సిలరేటర్ కేబుల్ గుండా వెళ్లి దాన్ని కాల్చేయడం కూడా ఉంటుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వేడెక్కితే అనుమానించాల్సింది ఎర్త్‌నే.

మీటరు చేసే రెండో మోసం దీనికి అన్నదమ్ముడే. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు అనుకోండి. ఇంజెక్షన్ కారైతే తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకులో పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు ‘గుయ్’మనాలి. అనకపోతే పంపు కనెక్టర్ ఊడదీసి మీటరు పెడతాం. 12 చూపిస్తుంది. కరెంటు వస్తోంది కాబట్టి పంపే పోయిందనుకుంటాం. తొందరపడకండి. మీటరు తానుగా కరెంటు లాగదు, కాబట్టి తుప్పుపట్టిన రిలే (పంపుకు కరెంటు అందించే స్విచ్చు) గుండా వచ్చే బలం లేని 12 వోల్టులు కూడా దానికి నిండుగానే కనిపిస్తాయి. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ల జేబులో ఉండే బల్బు ఇక్కడ మీటరు కంటే గొప్పది. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించినది. దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. కనెక్టర్‌కు తగిలించి తాళం ఆన్ చేస్తే ఆ రెండు సెకన్లూ తెల్లగా వెలిగితే తప్పు పంపుదే, ఎర్రగా మినుకుమంటే రిలేదో, ఫ్యూజు కాళ్లదో, ఎలుక కొరికిన వైరుదో. ఆ బల్బును ఎయిర్ బ్యాగ్ వైర్లకు, కంప్యూటర్ సెన్సర్ వైర్లకు మాత్రం తగిలించకూడదు. అక్కడ మీటరే.

మీటరుకు అందని విషయాలూ ఉన్నాయి. పెట్రోల్ పాడైందో లేదో అది చెప్పలేదు, ముక్కు చెబుతుంది. చాలాకాలం ఉన్న పెట్రోల్ వార్నిష్ లాగా పుల్లటి ఘాటు వాసన వేస్తుంది, రంగు ముదురుతుంది. ఇప్పుడు మన బంకుల్లో దొరికే దాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, తేమ మరీ ఎక్కువైతే నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లో వానాకాలం దాటొచ్చిన ట్యాంకు నుంచి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి తీసి ఒక గంట ఉంచండి. అడుగున వేరే పొర గీత గీసినట్టు కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. కార్బురేటర్ కార్లలో జెట్లు, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు, జిగురుతో మూసుకుపోతాయి, రబ్బరు గొట్టాలు పగులుతాయి. పెట్రోల్ గొట్టాన్ని వేళ్లతో వంచి చూడండి. చీలికలుంటే సెల్ఫ్ కొట్టే ముందే మార్చాలి, ఇది నిప్పుతో పని.

ఏడాది దాటి ఉన్న ఇంజనుకు నేరుగా సెల్ఫ్ కొట్టడం నాకు ఇష్టం ఉండదు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, స్పానర్‌తో చేత్తో రెండు చుట్లు తిప్పి, అప్పుడు సెల్ఫ్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్ల సంగతి ఇంకా తీవ్రం. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అలాంటి కారును ఏ మీటరూ తేల్చదు, ప్లగ్గులు విప్పి చూసేదాకా తాళం ముట్టుకోవద్దు.

వాడకంలో బయటపడిన మిగతా లోపాలు. వైర్ల మొనలు పిడి దగ్గర లోపల తెగుతాయి, పైకి కనిపించదు. పరీక్షకు ముందు రెండు మొనలు ఒకదానికొకటి తాకించి బీప్ వినడం మంచిది. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించాక అంకెలు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, బలహీనమైన కారు బ్యాటరీ కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్దది 10 ఆంపియర్ల రంధ్రం. ఈ రకం చవక మీటర్లలో చాలావాటికి దానికి ఫ్యూజు ఉండదు. ఎర్ర వైరు అందులో మర్చిపోయి బ్యాటరీ రెండు కొసల మీద పెడితే అది నేరుగా షార్టే, వైరు చేతిలోనే కాలుతుంది. కారు ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు ఎంత కారిపోతోందో చూడటానికి ఆ రంధ్రం కావాలి కాబట్టి ఫ్యూజు ఉన్న రకమే కొనండి. మైనస్ వైరు తీసి మధ్యలో మీటరు పెట్టి, తలుపులు మూసి కాసేపు ఆగితే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఆ సమయంలో ఎవరూ సెల్ఫ్ కొట్టకుండా తాళం మీ జేబులోనే పెట్టుకోండి.

పాత కారు ఉంచుకున్న ఇంట్లో ఈ మీటరు, దాంతోపాటు ఆ బల్బు కూడా ఉండాలని గట్టిగా చెబుతాను. కారు కొత్తదై, అన్నీ కంప్యూటరు మీద నడిచేదైతే దీనికి తోడు ఆ కంప్యూటరులోని లోపాలు చదివే స్కానర్ కావాలి. ఇక వచ్చే నెల పిల్లల దగ్గరికి ప్రయాణం కట్టే పెద్దలకు: ట్యాంకులో పెట్రోల్ పోయించుకునేది ఉంటే నిండుగా పోయించండి, తేమ చేరే ఖాళీ తగ్గుతుంది. హ్యాండ్ బ్రేకు వేయకుండా గేర్లో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టండి, బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కోవు. పది నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి పక్కన పెట్టి, ఆ స్పానర్ను డ్యాష్‌బోర్డులోనే ఉంచి వెళ్లండి.