దీవిలోని ఐసు రింకా, నగరం నడిబొడ్డున ఉన్నదా, గడ్డకట్టిన చెరువా: ఏది మేలు?

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్ళి రావడం ఇప్పుడు మన ఇళ్ళలో వింత కాదు. బోస్టన్ పరిసరాల్లో పిల్లలున్నవారు డిసెంబరు నుంచి మార్చి లోపల వెళ్ళారంటే మనవడో మనవరాలో "అమ్మమ్మా, తాతా, మీరూ ఐస్ స్కేటింగ్‌కు రావాల్సిందే" అని పట్టుబట్టక మానరు. అప్పుడు ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. ఊరి మధ్య, స్కేటింగ్ కోసం ఐసు పరిచి ఉంచే రింక్ అయిన ఫ్రాగ్ పాండ్‌కు పోదామని ఒకరంటారు, పక్క వీధి చెరువే గడ్డకట్టిందిగదా అని ఇంకొకరంటారు, శని ఆదివారాలు కలిసొచ్చాయి కాబట్టి మార్తాస్ విన్‌యార్డ్ దీవికి వెళ్ళి అక్కడి ఊరివాళ్ళ రింక్‌లో ఆడిద్దామని మరొకరంటారు. రోహిణీ కార్తె ఎండల్లో పెరిగి, ఐసును గోళీసోడా బండి మీదా చేపల పెట్టెలోనూ తప్ప కాలి కింద ఎన్నడూ ఎరుగని మనలాంటివారికి ఈ మూడింట్లో ఏది అనువైనదో చెప్పడమే ఈ వ్యాసం పని.

గడ్డకట్టిన చెరువు సంగతి ముందే తేల్చేయవచ్చు, ఎందుకంటే అందులో తర్కించవలసినది పెద్దగా లేదు. మనిషి నిలబడి స్కేటింగ్ చేయాలంటే గాజులా తేటగా ఉండే గట్టి ఐసు కనీసం 4 అంగుళాల మందం ఉండాలని అక్కడి అధికారులు చెబుతారు. మంచు కలిసి తెల్లగా పాలిపోయిన ఐసు అంత బలం ఇవ్వదు కాబట్టి దానికి ఇంకా ఎక్కువ మందం కావాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న చెరువుల్లో ఉప్పు చేరి ఉంటుంది. ఉప్పునీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, సముద్రపు నీటికైతే దాదాపు మైనస్ 1.8 డిగ్రీలు కావాలి, కట్టిన ఐసు కూడా బలహీనంగానే ఉంటుంది. పైగా బోస్టన్‌కు ఆగ్నేయంగా సముద్రంలోకి చొచ్చుకుపోయి, సముద్రగాలి తగిలే కేప్ కాడ్ తీరంలోనూ దీవుల్లోనూ లోపలి ప్రాంతాలంత చలి నిలకడగా ఉండదు. ఒడ్డున నిలబడి ఫోటో తీసుకోవడానికి చెరువును మించినది లేదు, దిగడానికి మాత్రం అక్కడే పుట్టి పెరిగి ఆ చెరువును ఏటా చూస్తున్నవారి మాట మీదనే దిగాలి.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. ఫ్రాగ్ పాండ్ ఉన్నది బోస్టన్ కామన్‌లో, అంటే 1634 నుంచి ఉన్న, అమెరికాలోకెల్లా పాతదైన పార్కులో. పక్కనే పార్క్ స్ట్రీట్ స్టేషన్ ఉంది. అది 1897లో తెరిచిన అమెరికా తొలి భూగర్భ రైలు దారిలోనిది. కారు, పార్కింగ్ తలనొప్పి లేకుండా రైలు దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. స్కేట్లు అద్దెకిస్తారు, వేడివేడిగా తాగడానికి దొరుకుతుంది, పిల్లవాడు పది నిమిషాలకే ఏడుపు మొదలుపెడితే ఇంటికి తిరిగి రావడం సులువు. ఒక్క పూట మాత్రమే తీరిక ఉన్న కుటుంబానికి ఇంతకంటె మంచి చోటు చెప్పలేను. అయితే అది ఆరుబయట ఉన్న రింక్. ఎండ కాస్త ఎక్కిందంటే పైన నీటి పొర చేరి ఐసు మెత్తబడుతుంది, పడ్డవారి బట్టలు తడిసి ఆ తడి మీద చలిగాలి కొడుతుంది. శని, ఆదివారాల్లో, క్రిస్మస్ సెలవుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. పక్కనుంచి దూసుకుపోయే కుర్రవాళ్ళ మధ్యలో మొదటిసారి నిలబడినవారు అంచు కడ్డీని వదలరు, వదలకపోతే నేర్చుకునేదీ ఉండదు. పనిదినాన పొద్దున్నే వెళితే ఈ లోపాల్లో సగం తీరిపోతాయి.

ఇక దీవి. మార్తాస్ విన్‌యార్డ్, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర తీరానికి దక్షిణంగా, కేప్ కాడ్‌కు దగ్గరలో ఉంది. ఏడాది పొడవునా అక్కడ ఉండేవారు 2020 జనాభా లెక్కల ప్రకారం ఇరవై వేల పైచిలుకు, వేసవిలో వచ్చేవారిని కలిపితే అది ఎన్నో రెట్లు. మొన్నమొన్నటి దాకా మన నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట కూడా దీవే అయినా సూళ్ళూరుపేట నుంచి కారులో పోవచ్చు. విన్‌యార్డ్‌కు వంతెన లేదు, పులికాట్‌లోని ఇరకం దీవికి పోయినట్టు పడవ ఎక్కవలసిందే. కేప్ కాడ్‌లోని వుడ్స్ హోల్ రేవు నుంచి స్టీమ్‌షిప్ అథారిటీ వారి ఫెర్రీ ఏడాదంతా నడుస్తుంది, ప్రయాణం 45 నిమిషాలు. చలికాలంలో అది విన్‌యార్డ్ హేవెన్ రేవుకు చేరుతుంది. ఓక్ బ్లఫ్స్ రేవు వేసవి కాలానికే పరిమితం. మనుషులు నడిచి ఎక్కడానికి ముందస్తు రిజర్వేషన్ అక్కరలేదు, కారును ఎక్కించాలంటే మాత్రం ముందే చోటు చూసుకోవాలి. దీవిలో చలికాలంలోనూ బస్సులు తిరుగుతాయి కాబట్టి కారు వుడ్స్ హోల్ వైపు పార్కింగ్‌లో వదిలి వెళ్ళడమే నా దృష్టిలో తెలివైన పని.

రింక్ ఓక్ బ్లఫ్స్ పరిధిలో, దీవి పిల్లల్లో ఎక్కువమంది చదివే హైస్కూలుకు దగ్గరలో ఉంది. పైకప్పు ఉన్న హాలు. వాన, ఎండ, గాలి దాన్ని అంటవు. లాభం కోసం నడిపేది కాదు, ఊరి అవసరం కోసం నిలబెట్టుకున్నది. దాని గుణమూ దోషమూ రెండూ అక్కడి నుంచే వస్తాయి. ఐసు మీద మొదటి హక్కు హైస్కూలు ఐస్ హాకీ జట్టుది, చిన్నపిల్లల హాకీది, నాట్యంలా సాగే ఫిగర్ స్కేటింగ్ తరగతులది. బయటివారికి తలుపులు తెరిచే 'పబ్లిక్ స్కేటింగ్' వేళలు వాటి మధ్య మిగిలిన గంటల్లో వస్తాయి. కాలపట్టిక చూడకుండా ఫెర్రీ ఎక్కితే ఎవరిదో మ్యాచ్ చూసి తిరిగి రావలసి వస్తుంది. వేళ తెలుసుకుని వెళితే మాత్రం నగరంలో దొరకనిది అక్కడ దొరుకుతుంది: చోటు. అమెరికా హాకీ రింకుల మామూలు కొలత 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అంత ఐసు మీద ఊరివాళ్ళు, వాళ్ళ పిల్లలు కొద్దిమంది ఉన్నప్పుడు, కొత్తగా వచ్చినవారు ఒక మూల నెమ్మదిగా తడబడుతూ ఉన్నా ఎవరికీ అడ్డు కారు. ఒకరినొకరు ఎరిగినవారు ఆడుకునే చోట వేగం కూడా తనంతట తానే అదుపులో ఉంటుంది. భయం పోవడానికి నాకు తెలిసి ఇదే మొదటి మెట్టు.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్ళి, ఆ ఐసు ఎలా తయారవుతుందో చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు వాళ్ళకు అది కొత్త సంగతి కాదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులకు దిమ్మలు పంపే ఐసు ఫ్యాక్టరీలో ఏముంటుంది? అమ్మోనియాతో నడిచే కంప్రెసర్ ఉప్పునీటి తొట్టెను సున్నా కిందికి చల్లబరుస్తుంది, ఆ తొట్టెలో దించిన డబ్బాల్లోని మంచినీరు దిమ్మ కడుతుంది. చాలా రింకుల్లోనూ జరిగేది అదే, తొట్టె మాత్రం ఉండదు. చల్లబరిచిన ఉప్పు ద్రావణమో నీరు సులువుగా గడ్డకట్టకుండా చేసే గ్లైకాల్ అనే ద్రవం కలిపిన నీరో కాంక్రీటు నేలలో పరిచిన గొట్టాల గుండా తిరుగుతుంది, ఆ నేల మీద నీటిని పొరలు పొరలుగా చల్లి గడ్డకట్టిస్తారు. తీరా చూస్తే ఆ ఐసు మందం అంగుళం నుంచి అంగుళంన్నర మించదు. హాకీ గీతలు, అడుగున కనిపించే తెల్ల రంగు ఆ పొరల మధ్యలో వేసినవే. గంటా రెండు గంటలకొకసారి ఒక బండి వచ్చి గీతలు పడ్డ పైపొరను గీకి, కడిగి, వెనకనున్న గుడ్డతో వేడినీటిని పలుచగా పూసి పోతుంది. వేడినీరే ఎందుకంటే అది పాత ఐసు పైభాగాన్ని కాస్త కరిగించి దానితో కలిసి గట్టిపడుతుంది, అందులో కరిగి ఉండే గాలి కూడా తక్కువ. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ 1949లో ఈ బండిని తయారుచేశాడు, అక్కడివారు ఇప్పటికీ దాన్ని అతని ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఆ బండి వెళ్ళి, నీరు ఆరిన వెంటనే దిగినవారికి ఐసు అద్దంలా ఉంటుంది. ఊరివాళ్ళ రింక్‌లో జనం తక్కువ కాబట్టి ఆ నునుపు ఎక్కువసేపు నిలుస్తుంది.

అద్దె స్కేట్ల దగ్గర మనవాళ్ళు ఎక్కడైనా ఒకేలా ఇబ్బంది పడతారు. మన చెప్పుల షాపుల్లో చెప్పే నంబరూ అమెరికా నంబరూ ఒకటి కావు, మగవారికి సాధారణంగా ఒక నంబరు తేడా వస్తుంది. చలి అని రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడిగితే పాదం బూటులో కదిలి చీలమండ పక్కకు ఒరిగిపోతుంది. పలుచటి మేజోళ్ళు ఒక్క జత చాలు. లేసు వేళ్ళ దగ్గర కాస్త వదులుగా, మడమ వంపు దగ్గర బలంగా బిగించి, నిలబడి మోకాళ్ళు వంచి చూసినప్పుడు మడమ లేవకూడదు. ఫిగర్ స్కేట్ల ముందు భాగంలో రంపపు పళ్ళ లాంటి అంచు ఉంటుంది, కాలు ఎత్తి ముందుకు వేయబోతే అది గుచ్చుకుని బోర్లా పడేస్తుంది. అయినా హాకీ స్కేట్ల కంటె వాటి బ్లేడు కాస్త పొడుగు, చదును, కాబట్టి నిలబడడానికి కొత్తవారికి అవే నయమని నా అభిప్రాయం. నడిచినట్టు అడుగు వేయకుండా పాదాన్ని పక్కకు తోయడం, పడబోతున్నామని తెలిసినప్పుడు చేతులు చాపకుండా మోకాళ్ళు వంచి పక్కకు ఒరిగి కూర్చున్నట్టు పడడం, పడ్డాక వేళ్ళు ముడిచి ఉంచడం, ఇవి మూడూ తెలిస్తే మొదటి రోజుకు చాలు. ఊళ్ళో రోలర్ స్కేటింగ్ నేర్చుకున్న పిల్లలు తూకం త్వరగా పట్టుకుంటారు గాని, ఆగడం దగ్గర తికమకపడతారు. చక్రాల బూటుకు ఉండే రబ్బరు బ్రేకు ఇక్కడ ఉండదు, మడమలను బయటికి తోసి బ్లేడ్లతో ఐసును గీకుతూ ఆగాలి.

చీరతో దిగడం మాత్రం కుదరదు. పంజాబీ డ్రస్సు అయితే చున్నీ తీసేయాలి. గ్లౌజులు తప్పనిసరి. హెల్మెట్ మొదటిసారి దిగే పిల్లలకే కాదు, పెద్దలకూ మంచిది. ఎముకలు బలహీనమని డాక్టరు చెప్పినవారు, తల తిరిగే జబ్బున్నవారు ఎంత ముచ్చట పడినా కుర్చీలకే పరిమితం కావాలి. మణికట్టు విరగడం ఈ ఆటలో తరచుగా వినే సంగతి. మన తల్లిదండ్రులకు కొనే ప్రయాణ బీమాల్లో ఇలాంటి ఆటల దెబ్బలకు వర్తించేవీ, వర్తించనివీ రెండూ ఉంటాయి కాబట్టి చెన్నైలో విమానం ఎక్కేముందే ఆ కాగితం చదివి పెట్టుకోవాలి. కూర్చుని చూసేవారికి కూడా దీవి రింకే మేలు, ఎందుకంటే హాలు లోపల చల్లగా ఉన్నా గాలి కొట్టదు, శాలువా కప్పుకుని కూర్చోవచ్చు. ఫ్రాగ్ పాండ్ దగ్గర అరగంట నిలబడితే ముక్కు, చెవులు మొద్దుబారతాయి.

దీవికి వెళ్ళేవారు భోజనం సంగతి తేలికగా తీసుకోకూడదు. చలికాలంలో అక్కడి హోటళ్ళలో చాలా వాటికి తాళాలు పడతాయి. పులిహోర కట్టుకుపోయినవారిని ఎవరూ నవ్వరు, ఫెర్రీలో కూర్చుని తిన్నా అభ్యంతరం చెప్పరు.

దీవి అనగానే నాంటకెట్ పేరు చెప్పేవారు కూడా ఉంటారు. అక్కడా ఊరివాళ్ళు లాభాపేక్ష లేకుండా నడుపుకునే రింక్ ఉంది, ఊరు కూడా విన్‌యార్డ్ కంటె చిన్నది, అందమైనది. కాని తీరం నుంచి దూరం ఎక్కువ. కేప్ కాడ్‌లోని హయానిస్ రేవు నుంచి పెద్ద ఫెర్రీకి రెండుంపావు గంటలు, వేగంగా పోయేదానికి గంట పడుతుంది. చలికాలపు ఈదురుగాలులకు పడవలు రద్దు కావడం మామూలే, రద్దయితే ఆ రాత్రి అక్కడే గడపాలి. వయసు మీరినవారిని వెంటబెట్టుకుని, వాళ్ళ బీపీ మాత్రలు లెక్కపెట్టుకుని బయలుదేరే కుటుంబానికి విన్‌యార్డే క్షేమం. దానికి కూడా గాలి బెడద లేకపోలేదు కాబట్టి, ఎక్కడికి వెళ్ళినా మాత్రలు రెండు రోజులకు సరిపడా పెట్టుకోవడం మంచిది.

అమెరికా దాకా ఎందుకు, మన దేశంలో లేవా అనేవారికి సిమ్లా ఉంది. 1920లో మొదలైన ఆ రింక్ కూడా ఒక క్లబ్బు నడుపుకునేదే. యంత్రాలు లేకుండా రాత్రి చలికే నీరు గడ్డకట్టించడం దాని ప్రత్యేకత, మబ్బు పట్టిన రాత్రి తెల్లారితే ఆట ఉండకపోవడం దాని బలహీనత. మాల్స్‌లోని చిన్న రింకులు బూటు అలవాటు కావడానికి పనికొస్తాయి, అంతకుమించి కాదు.

కాబట్టి నా తూకం ఇది. పాస్‌పోర్టులో ముద్ర పడిన వారం లోపలే, జెట్‌లాగ్ తీరకముందే, ఒక్క పూట సరదాకైతే ఫ్రాగ్ పాండ్. పిల్లవాడు నిజంగా నిలబడి జారడం నేర్చుకోవాలని, పెద్దలు కూడా నలుగురి ఊరు ఎలా ఉంటుందో చూడాలని ఉంటే, రెండు రోజులు చేతిలో పెట్టుకుని విన్‌యార్డ్. అయితే మనవాళ్ళలో ఎక్కువమంది చలికి జంకి, ఇక్కడి ఎండ తప్పించుకోవడానికి ఏప్రిల్, మే నెలల్లోనే బయలుదేరతారు. అప్పటికి ఫ్రాగ్ పాండ్ ఐసు కరిగిపోయి, వేసవిలో పిల్లలు నీళ్ళలో ఆడుకునే కొలనుగా మారుతుంది. దీవికి వెళ్ళే పడవలు యాత్రికులతో నిండిపోయి కారుకు చోటు దొరకడమే గగనమవుతుంది, ఊరివాళ్ళ రింక్ ఆ నెలల్లో తెరిచి ఉందో లేదో ఫోను చేసి అడిగిగాని కదలకూడదు. వేసవిలో వెళ్ళేవారికి బోస్టన్ శివార్లలో పైకప్పున్న రింకుల్లో ఇంటికి దగ్గరది చూసుకోవడమే మేలు, దీవికి ఆ రోజుల్లో సముద్రం చూడడానికి వెళితే సరిపోతుంది.