డిసేబిలిటీ పెన్షన్ ఇప్పిస్తామనే ఏజెంట్లతో జాగ్రత్త: మాజీ సైనికుల ఇళ్ళవాళ్ళు తప్పక చదవండి

ఇంట్లో మాజీ సైనికులు ఉన్నవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. సర్వీసు వల్ల వచ్చిన, లేదా పెరిగిన వైకల్యానికి సైనికులకు ఇచ్చేదే డిసేబిలిటీ పెన్షన్. "డిసేబిలిటీ పెన్షన్ ఇప్పిస్తాం, ఏరియర్స్ (పాత బకాయిలు) లక్షల్లో వస్తాయి" అంటూ తిరిగే కన్సల్టెన్సీ వాళ్ళకు ఒరిజినల్ కాగితాలు గానీ, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు గానీ, స్పర్శ్ (సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) పాస్‌వర్డ్ గానీ ఇవ్వొద్దు. మా నాన్నగారి దగ్గర ఈ మూడూ తీసుకున్నారు. పైగా ఫైలు ఓపెనింగ్ చార్జి అని 25,000 రూపాయలు తీసుకుని, వచ్చే ఏరియర్స్‌లో 30 శాతం తమకేనని స్టాంపు పేపరు మీద రాయించుకున్నారు.

నాన్నగారు ఆర్టిలరీలో హవల్దారుగా చేసి 2012లో రిటైరయ్యారు. సర్వీసులో ఉండగానే బీపీ వచ్చింది, లో మెడికల్ కేటగిరీలో (పూర్తి ఫిట్‌నెస్ లేనివాళ్ళ వర్గం) పెట్టారు. ఇంటికి పంపే ముందు జరిగిన రిలీజ్ మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అని రాసింది. కానీ అదే కాగితంలో, ఇది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు అని కూడా రాసింది. పెన్షన్‌కు వైకల్యం 20 శాతం, అంతకు మించి ఉంటే చాలదు, దానికి సర్వీసుతో సంబంధం ఉందని తేలాలి. అందుకే క్లెయిమ్ కొట్టేశారు. బీపీ, షుగర్ ఉన్న ఎంతోమంది ఫౌజీలది ఇదే పరిస్థితి. ఏజెంట్లు వెతుక్కునేది కూడా వీళ్ళనే. క్యాంటీన్ దగ్గరో, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్ దగ్గరో కూర్చుని, "సాబ్, మీది ఏ రెజిమెంటు?" అని మాట కలుపుతారు. నాన్నగారికి పరిచయమైన మనిషి తనూ ఫౌజీనేనన్నాడు. ఆ ఒక్క మాటతో నాన్నగారికి నమ్మకం కుదిరింది.

నెలలు గడిచినా కబురు లేదు. ఫోన్ చేస్తే "ఫైలు పైకి వెళ్ళింది" అంటాడు. ఈలోగా స్పర్శ్‌లో మొబైల్ నంబరు మార్చేశారు, ఓటీపీలు నాన్నగారికి రావడం మానేశాయి. గట్టిగా అడిగితే అప్పీలు కాపీ ఒకటి పంపారు. అది చదివాక మాకు నిజంగా టెన్షన్ మొదలైంది. ఫీల్డ్ ఏరియాలో డ్యూటీ మీద వెళ్తుండగా వాహనం బోల్తా పడి మోకాలు దెబ్బతిన్నదని అందులో ఉంది. నాన్నగారికి అలాంటి ప్రమాదం ఎప్పుడూ జరగలేదు. దానికి తోడుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్టిఫికెట్, 60 శాతం వైకల్యం అంటూ.

డబ్బు పోవడం కంటే ఇది ప్రమాదం. సైన్యంలో గాయమైతే అప్పుడే ఇంజురీ రిపోర్టు రాస్తారు, అవసరమైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం లోపలి విచారణ) జరుగుతుంది. ఆ కాగితాలేవీ లేకుండా ఇన్నేళ్ళకు మోకాలి కథ చెబితే ఎవరు నమ్ముతారు? అబద్ధం బయటపడితే నిజమైన బీపీ క్లెయిమ్ మీద కూడా అనుమానం వస్తుంది. సంతకం నాన్నగారిది కాబట్టి జవాబు చెప్పాల్సిందీ ఆయనే. ఇక ప్రైవేటు డాక్టరు వేసిన శాతం ఇక్కడ లెక్కలోకే రాదు. సదరం సర్టిఫికెట్ రాష్ట్ర ప్రభుత్వ పథకాలకు పనికొస్తుంది గానీ సైనిక పెన్షన్‌కు శాతం వేయాల్సింది మిలిటరీ మెడికల్ బోర్డే.

నాకు కోపం తెప్పించే విషయం ఇంకొకటి ఉంది. నాన్నగారి అసలు కేసుకు ఈ అబద్ధాల అవసరమే లేదు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చేరినప్పటి మెడికల్‌లో జబ్బు రాసి లేకపోతే, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని భావించాలి, కాదంటే బోర్డు కారణాలు రాయాలి, సందేహం ఉంటే ఆ లాభం సైనికుడికే దక్కాలి. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసు తీర్పు వచ్చింది. దాని ప్రకారం సర్వీసు పూర్తి చేసి రిటైరైన వాళ్ళకు కూడా వైకల్యం శాతాన్ని పై స్లాబుకు పెంచి లెక్కగడతారు. 50 లోపు ఉంటే 50, ఆపైన 75 వరకు 75, అదీ దాటితే 100. నూటికి నూరు శాతం వైకల్యానికి డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, ఆఖరి జీతంలో 30 శాతం. కాబట్టి నాన్నగారి 30 శాతం 50 అయితే, ఆఖరి జీతంలో 15 శాతం వస్తుంది. ఉన్న నిజం చెబితే సరిపోయే కేసును పాడుచేయబోయారు.

ఏరియర్స్ లెక్క కూడా మోసమే. పన్నెండేళ్ళవి మొత్తం వస్తాయన్నాడు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో, ఆలస్యంగా కోర్టుకు వచ్చినందుకు సుప్రీంకోర్టు బకాయిలను కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళకే పరిమితం చేసింది. ఈ సంగతి ఏ ఏజెంటూ చెప్పడు. 2023 సెప్టెంబరు 21 నుంచి ఈ పెన్షన్ ఎవరికి దక్కుతుందో చెప్పే కొత్త ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ అమల్లో ఉన్నాయి. ఆ తర్వాత రిటైరైన వాళ్ళకు కూడా పాత లెక్కలే చెప్పి ఆశపెడుతున్నారంటే వాళ్ళకు సబ్జెక్టు తెలియదు, లేదా తెలిసే అబద్ధమాడుతున్నారు.

30 శాతం కమీషన్ స్టాంపు పేపరు చూసి భయపడకండి. 1871 నాటి పెన్షన్ల చట్టం 12వ సెక్షను ప్రకారం, ఇంకా చేతికి రావాల్సిన పెన్షన్ డబ్బును ముందే ఇంకొకరికి రాసిచ్చే ఒప్పందం చెల్లదు. "మా వెనుక లాయరు ఉన్నాడు" అంటే, కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నీ, గెలిచిన డబ్బులో వాటా తీసుకోవడాన్నీ బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయని గుర్తు చేయండి. మాకు ఈ రెండు మాటలూ చెప్పింది మా ఊరి వకీలు గారే. ఒక్క రూపాయి తీసుకోలేదు.

మరి ఏం చేయాలి? ముందుగా మీ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ మొత్తం తెప్పించుకోండి. రికార్డ్ ఆఫీసుకు (మీ సర్వీసు కాగితాలు దాచే సైనిక కార్యాలయం) ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టడానికి 10 రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చేరినప్పటి మెడికల్ కాపీ, క్లెయిమ్ కొట్టేసిన ఉత్తరం కూడా అదే దరఖాస్తులో అడగండి. కేసు నిలిచేది ఈ కాగితాల మీదే. క్లెయిమ్ కొట్టేసిన ఉత్తరం వచ్చిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు వేయాలి, గడువు దాటితే ఆలస్యానికి కారణం రాయాలి. అక్కడా కాదంటే రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాల వాళ్ళకు చెన్నై బెంచి. అప్పీలు రాయడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉచితంగా సాయం అడగొచ్చు. 2025లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక బోర్డుల్లో ఉచిత న్యాయ సహాయ క్లినిక్‌లు ఏర్పాటు చేస్తున్నారు. మీ జిల్లాలో వచ్చిందేమో కనుక్కోండి.

ఇంకా రిటైర్ కాని తమ్ముళ్ళకు ఒక మాట. బోర్డు ఫారంలో మీరు సొంతంగా నింపి సంతకం పెట్టే భాగం ఉంటుంది. ఏ పోస్టింగ్ ఫీల్డ్ (ఆపరేషన్లు జరిగే ప్రాంతం), ఏది పీస్ (ప్రశాంత ప్రాంతం), జబ్బు ఎప్పుడు ఎక్కడ మొదలైంది అన్నవి తేదీలతో సహా మీరే రాయండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు, కాపీ తీసుకోకుండా ఇంటికి రావొద్దు.

మేము పోలీసు ఫిర్యాదు ఇచ్చాక నాన్నగారి డిశ్చార్జ్ బుక్ (సర్వీసు వివరాలుండే ఒరిజినల్ పుస్తకం) వెనక్కి వచ్చింది, డబ్బు రాలేదు. ఆ అప్పీలుతో తనకు సంబంధం లేదని నాన్నగారు రికార్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో రాశారు. బీపీ మీద అసలు కేసు ఇప్పుడు వకీలు ద్వారా నడుస్తోంది.

మీరు ఇప్పటికే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే, ఖాళీ చెక్కులకు ముందు స్టాప్ పేమెంట్ పెట్టించండి. స్పర్శ్ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి మొబైల్ నంబరు, పాస్‌వర్డ్ రెండూ మార్పించండి. మీ పేరుతో వెళ్ళిన ప్రతి కాగితం కాపీ ఏజెంటు దగ్గర కాకుండా రికార్డ్ ఆఫీసు నుంచే అడిగి తీసుకోండి.