పాత బడి గోడకు మూడు రకాల సున్నం: ఏది కొనాలి?

వందేళ్లు దాటిన బడి భవనానికి బయటి సున్నపు పూత తిరిగి వేయాలంటే ఇవాళ బజారులో మూడు సరుకులు దొరుకుతాయి. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన, ఇంకా నీళ్లు తగలని గడ్డ సున్నం, మిల్లులోనే చల్లార్చి (అంటే నీళ్లు కలిపి) 25 కిలోల బస్తాల్లో నింపిన హైడ్రేటెడ్ సున్నం, యూరప్ నుంచి దిగుమతయ్యే, గాలి లేకున్నా నీటితో గట్టిపడే హైడ్రాలిక్ సున్నం, అంటే ఎన్‌హెచ్‌ఎల్ (నాచురల్ హైడ్రాలిక్ లైమ్) 3.5. మూడూ తెల్లగానే ఉంటాయి, గోడ మీద మాత్రం మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన సిటీ హైస్కూల్, అంటే నేటి సిటీ కాలేజీ తరం కట్టడాలను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాం. సున్నంతో కట్టిన గోడకే ఇది వర్తిస్తుంది.

సిమెంటును పోటీలోకే తీసుకోలేదు. పాత గోడ నేల నుంచి చెమ్మ పీల్చి బయటికి వదులుతూ బతుకుతుంది. పైన సిమెంటు పూత వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని, ఇటుక ముఖాన్నే పొరలు పొరలుగా ఊడదీస్తుంది. అందుకే సిమెంటు అతుకు గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ఇటుక పిండైపోతుంది. యాక్రిలిక్ రంగు చేసేదీ ఇదే, కాస్త నెమ్మదిగా.

గడ్డ సున్నానికి మా ఓటు. బాగా కాలిన గడ్డ తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే స్వచ్ఛమైన సున్నపురాయి బట్టీలో 44 శాతం బరువు కోల్పోతుంది. చేతికి బరువుగా తగిలే గడ్డ లోపల కాలలేదన్నమాట, దాన్ని వెనక్కి పంపేయండి. కిలో గడ్డను నీళ్లలో చల్లారిస్తే సుమారు రెండు లీటర్ల సున్నపు ముద్ద వస్తుంది. లెక్క చూడండి: 100 చదరపు మీటర్ల గోడకు 20 మిల్లీమీటర్ల మందం అంటే రెండు ఘనమీటర్లు, సందులూ గుంతలూ వృథా కలిపి 2.3 అనుకోండి. ఇసుక ఖాళీల్లోనే సున్నం సర్దుకుంటుంది కాబట్టి ఒక పాలు ముద్దకు మూడు పాళ్ల ఇసుక లెక్కన ఇసుక 2.3 ఘనమీటర్లు, ముద్ద 770 లీటర్లు. అంటే దాదాపు 385 కిలోల గడ్డలు. అదే హైడ్రేటెడ్ అయితే ఇరవై బస్తాలు.

దీనితో చిక్కంతా చల్లార్చడంలోనే. గోతిలో నింపిన నీళ్లలోకి గడ్డలు వేయాలి, గడ్డల మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికేటప్పుడు కంట్లో చిమ్మితే చూపే పోవచ్చు. రక్షణ కళ్లద్దాలు లేని కూలీని గోతి దగ్గరికి రానివ్వద్దు, బడి ఆవరణ కనుక గోతికి కంచె, మూత రెండూ ఉండాలి. ఉడుకు తగ్గాక జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీరు నిలిపి కనీసం నెల నానబెట్టాలి. తొందరపడితే ఏమవుతుందో గోడే చెబుతుంది: వేసిన కొన్ని వారాలకో నెలలకో పూత మీద రూపాయి బిళ్లంత పొక్కు లేచి ఊడుతుంది. ఆ గుంత అడుగున చూస్తే ఆవగింజంత తెల్లటి గింజ కనిపిస్తుంది. గోతిలో చల్లారని ఆ గింజ గోడలో చల్లారి ఉబ్బింది. నానిన ముద్దను తాపీతో కోసి వేళ్ల మధ్య రుద్దితే వెన్నలా జారాలి, ఒక్క పలుకు తగిలినా ఇంకా ఆగాలి.

హైడ్రేటెడ్ బస్తాది వేరే జబ్బు. గాలి తగిలితే అది సంచిలోనే మళ్లీ సున్నపురాయిగా మారిపోతుంది. వానాకాలమంతా గోదాములో పడున్న బస్తాతో వేసిన పూత చెయ్యి రాస్తే పొడి రాలుతుంది, నింద మేస్త్రి మీద పడుతుంది. కొనేముందు చెంచాడు పొడి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. కాస్త నురగ వస్తే ఫరవాలేదు, బుసబుసా పొంగితే ఆ బస్తా వద్దు. తాజాది దొరికితే ఒక వారం నానబెట్టి వాడుకోవచ్చు. చిన్న మరమ్మతుకు, గోతికి చోటు లేని బడికి ఇది సరిపోతుంది. మొత్తం ముఖభాగానికి మాత్రం మొదటి ఎంపిక కాదు.

"లైమ్ ప్లాస్టర్" అని రాసున్న రెడీమిక్స్ సంచుల దగ్గర మరింత జాగ్రత్త. కొన్నింటిలో తెల్ల సిమెంటు కలిసి ఉంటుంది. ఆ పొడితో బిళ్ల చేసి ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా మూడు రోజులు ఉంచండి. మామూలు సున్నం గాలితోనే గట్టిపడుతుంది కాబట్టి గాలి లేక మెత్తగానే ఉంటుంది. గట్టిపడితే అందులో సిమెంటైనా ఉంది, హైడ్రాలిక్ సున్నమైనా ఉంది, ఏదో అమ్మేవాణ్ణి రాసిమ్మనండి.

ఇక ఎన్‌హెచ్‌ఎల్. సరుకు మంచిదే, తడిలో కూడా గట్టిపడుతుంది, 28 రోజులకు నొక్కుడును తట్టుకునే బలం 3.5 నుంచి 10 మెగాపాస్కల్స్ మధ్య ఉంటుంది. ధర మాత్రం నాటు సున్నానికి ఎన్నో రెట్లు. పిట్టగోడ పైభాగం, కార్నీసు, నేలకు ఆనుకున్న మూడడుగులు, ఇలా వాన నేరుగా కొట్టే చోట్ల కొనండి, మిగతా గోడకు డబ్బు దండగ. ఎన్‌హెచ్‌ఎల్ కొనలేకపోతే ఆ చోట్లకు కూడా ముద్ద ఒక పాలు, బాగా కాలిన ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు కలిపితే పని జరుగుతుంది. మన పాత మేస్త్రులు చేసింది ఇదే. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కూడా పనికొస్తాయి గానీ మోతాదు మించితే పూత రోజుల తరబడి ఆరదు. ముందు గజం గోడ మీద వేసి చూడండి.

పనిలో ఎక్కువగా చెడేది రెండు చోట్ల. ఒకటి, సిమెంటు అతుకుల్ని బ్రేకర్ యంత్రంతో కొట్టడం. ఉలి, సుత్తితోనే తీయాలి, సందుల్ని 20 మిల్లీమీటర్ల లోతు తోడి, ముందురోజే గోడ తడపాలి. రెండోది మందం. ఒక్క పొరకు 10, 12 మిల్లీమీటర్లు దాటితే బీటలు తప్పవు. మొదటి పొర మీద గోరు దిగనంత గట్టిపడ్డాకే రెండోది. బిగుస్తున్నప్పుడు సన్న బీటలు కనబడితే కంగారు వద్దు, చెక్క పలకతో అదిమేస్తే పూడుకుంటాయి. వారం రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి, పైపుతో నీళ్లు కొట్టకూడదు. ఎం-శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక) వాడితే దుమ్ము పోయేదాకా కడగాలి.

కాలం సంగతి బడులకు ప్రత్యేకం. పిల్లలు ఉండరు కదా అని వేసవి సెలవుల్లో పూత పెట్టేస్తారు. మే నెల ఎండకు సున్నంలోని నీరు పూటలో ఆవిరై, పూత గాలితో కలిసి గట్టిపడేలోపే ఎండి పొడైపోతుంది. సెలవుల్లో పాత పూత చెక్కడం, రావి మొక్కల వేళ్లు తీయడం, సున్నం చల్లార్చడం ముగించండి. అప్పటి గోతి దసరాకి చక్కగా నానుతుంది. తెలంగాణలో అక్టోబరు నుంచి, కోస్తాలో తుపానుల జోరు తగ్గాక డిసెంబరు నుంచి పూత మొదలుపెట్టాలి. పరంజా కింద పిల్లలు నడిచే దారికి రేకుల కప్పు వేసుకుంటే తరగతులు ఆపక్కర్లేదు. చివర్లో పాలంత పల్చటి వెల్ల, నాలుగైదు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు విరామం. తడిగా ఉన్నప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, చిక్కగా వేయమని తొందరపెట్టకండి, ఆరాక తెల్లబడుతుంది.

టెండరులో ఈ మాటలు పెట్టించండి (ఐఎస్ 712 సున్నానికి భారత ప్రమాణం, అందులో క్లాస్ సి అంటే గాలితో గట్టిపడే మామూలు సున్నం): "ఐఎస్ 712 ప్రకారం క్లాస్ సి సున్నం, పని చోటే చల్లార్చి కనీసం 30 రోజులు నానబెట్టాలి, సిమెంటు ఏ పాళ్లలోనూ కలపరాదు." లేకపోతే తక్కువ ధర కోట్ చేసినవాడు సిమెంటు బస్తాతోనే వస్తాడు.